బొగ్గు బెల్టులో పర్యావరణ చదువు ఎట్ల వచ్చింది, అందులో మన పేరు ఎక్కడుంది



పోస్ట్ పొడుగుంటది, ముందే చెప్తున్న. రెండు సార్లుగ చదువుకున్నా పర్వాలేదు. నేను గోదావరిఖనిల హాస్టల్‌లో ఉండి బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పీజీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంట అని చెప్పినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "అది చదివితే ఏమొస్తది? మొక్కలు నాటుడా?" మా మామయ్య అయితే, "మైనింగ్ డిప్లొమా చేసినా బాయిల ఏదో ఒక పని దొరుకు కదరా" అంటడు. ఆయన బాధ నాకు అర్థమైతది. ఈ బెల్టులో యాభై అరవై ఏండ్లుగ చదువంటే బాయి కోసం చదివే చదువే.

అందుకే అసలు ఈ సబ్జెక్టు మన దగ్గరికి ఎట్ల వచ్చిందో మొదటి నుంచి తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టిన. చదివితే అది బొగ్గు కథే అని తేలింది. మొదలైంది కూడా మన పేరుతోనే.

జియాలజీ పుస్తకంలో మన బొగ్గు గురించి మొదటి లైన్‌లోనే "గోండ్వానా" అనే మాట వస్తది. గోండ్వానా శిలలు, గోండ్వానా బొగ్గు, గోండ్వానా ఖండం. గోండు రాజులు ఏలిన మధ్య భారత ప్రాంతానికి పాతకాలం నుంచి ఉన్న పేరు అది. భారత భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన మెడ్లికాట్ అనే ఆయన 1872లో తన రాతల్లో ఈ రాళ్ల వరుసకు ఆ పేరు పెట్టిండు. 1876లో ఫైస్ట్‌మాంటెల్ అనే ఇంకో శాస్త్రవేత్త దాన్ని మొదటిసారి అచ్చులోకి తెచ్చిండు. 1885లో ఎడ్వర్డ్ సూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఇండియా, ఆఫ్రికా లాంటి దక్షిణ భూములన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్తూ ఆ పెద్ద భూమికి గోండ్వానా ల్యాండ్ అని పేరు పెట్టిండు. అప్పటి నుంచి ప్రపంచంలో జియాలజీ చదివే ప్రతి పిల్లగాడు, బ్రెజిల్‌లో అయినా ఆస్ట్రేలియాలో అయినా, గోండుల పేరు పలకకుండ పరీక్ష పాస్ కాడు.

ఈ రాళ్లలో గ్లాసోప్టెరిస్ అనే మొక్క ఆకుల అచ్చులు ఉంటయి. నాలుక ఆకారం ఆకు, మధ్యల ఈనె. దాదాపు 25 నుంచి 30 కోట్ల ఏండ్ల కిందటి చెట్లవి. ఇవాళ రామగుండంల తవ్వుతున్న బొగ్గు ఆ కాలం అడవే. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర దాదాపు 16 కిలోల రాళ్లు దొరికినయి. తినడానికి లేక, నడవలేక చచ్చిపోతూ కూడ వాళ్లు ఆ రాళ్లను పారేయలే. వాటిల్ల ఈ గ్లాసోప్టెరిస్ ఆకు అచ్చులు ఉన్నయి. అంటే ఆ మంచు ఖండం, మన గోదావరి లోయ ఒకప్పుడు ఒకే అడవి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు హాస్టల్‌ల పక్క బెడ్ వాణ్ని లేపి మరీ చెప్పిన. వాడు తిట్టి పండుకున్నడు, అది వేరే ముచ్చట.

పేరు మనదే అయినా రాసింది మనోళ్లు కాదు. ఇక్కడి నుంచే కథ మొదలైతది.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించిండని కంపెనీ చరిత్రల ఉంటది. ఆ వైపు జనం చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. భద్రాచలం పోయే యాత్రికులు అడవిల వంట కోసం నల్ల రాళ్లు పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్లే అంటుకున్నయట. కథ నిజమో కాదో పక్కన పెడదాం. ఒక్కటి ఆలోచించండి. ఇల్లందు చుట్టూ కోయ గూడేలు. వాగు ఒడ్డున నల్ల రాయి బయటపడి ఉంటే, అది మంటల పడితే ఏమైతదో తరతరాలుగ అక్కడ పశువులు కాసినోళ్లకు తెలియకుండ ఉంటదా? రెండు కథల్లో కూడ కోయలు లేరు. ఒక దాంట్ల ఇంగ్లిష్ దొర, ఇంకో దాంట్ల బయటి యాత్రికులు. కింగ్ పేరు మీద ఒక బొగ్గు పొరకు ఏకంగా కింగ్ సీమ్ అని పేరు పెట్టిన్రు, ఇప్పటికీ అట్లనే పిలుస్తరు.

తర్వాత చకచకా జరిగినయి. 1886లో ఇంగ్లండ్‌ల రిజిస్టర్ అయిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు వచ్చినయి. 1889లో ఇల్లందుల బొగ్గు తీయడం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే ఊరి పేరుతో 1920 డిసెంబర్‌ల సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం సర్కారు చేతికి వచ్చింది, తర్వాత ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ. రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. ప్రాణహిత గోదావరి లోయ వెంబడి దాదాపు 350 కిలోమీటర్లు ఈ బొగ్గు పొరలు పోతయి. ఆసిఫాబాద్ నుంచి మణుగూరు దాకా మ్యాప్ తీసుకొని బొగ్గును ఒక రంగుతో, మన గూడేలను ఇంకో రంగుతో గీసి చూడండి. రెండు రంగులు ఎన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి పడుతయో మీకే కనిపిస్తది.

బొగ్గుతోపాటు అడవి మీద కూడ అవసరం పెరిగింది. బాయిల పైకప్పు కూలకుండ కర్ర దిమ్మెలు పెట్టాలె. రైలు పట్టాల కింద స్లీపర్లకు కట్టె కావాలె. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైన్ పడ్డంక రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి వైపు అడవి బయటి మార్కెట్‌కు దగ్గరైంది. అదే కాలంల నిజాం అటవీ శాఖ అడవికి హద్దులు పెట్టి రిజర్వ్ చేసుకుంట పోయింది. ఆ హద్దుల లోపల పడ్డ గోండు, కోలాం ఊళ్లను ఖాళీ చేయించిన్రు. కొమురం భీం పోరాటం, 1940లో జోడేఘాట్‌ల ఆయన ప్రాణం పోవడం మనందరికీ తెలిసిందే, ఇక్కడ మళ్లీ రాయను.

ఆ పోరాటం తర్వాత ఏమైందో మాత్రం చదువు విషయంలో చాలా ముఖ్యం. ఆదివాసీలు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నడు. 1943ల అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషల వాచకాలు తయారు చేసిన్రు. అక్కడ చదువుకున్నోళ్లల్ల కొందరు టీచర్లయిన్రు, కొందరు రెవెన్యూ పనులకు పోయిన్రు. అదే కాలంల వేల ఎకరాలకు పట్టాలు వచ్చినయి. అంటే మన ప్రాంతంల మన భాషల మొదటి బడి భూమి కొట్లాట నుంచి పుట్టింది. పట్టా చదవడం వచ్చినోడు ఊరికి ఒక్కడున్నా పట్వారీ ఇష్టం వచ్చినట్టు రాసుకునే రోజులు తగ్గుతయన్నది దాని వెనుక లెక్క. ఈ లెక్కను గుర్తు పెట్టుకోండి, కిందికి పోయినంక మళ్లీ పనికొస్తది.

ఇగ మన రామగుండం. ఇక్కడ బాయిలు ఇల్లందు, బెల్లంపల్లి అంత పాతవి కావు. 1960ల మొదట్ల జీడీకే 1 ఇంక్లైన్‌తో గోదావరిఖని అనే పట్నమే తయారైంది. పేరే చెప్తది కదా, గోదావరి పక్కన ఖని. అప్పట్ల అన్నీ భూగర్భ గనులే. పైన పొలం, అడవి, ఊరు అట్లనే ఉంటయి, కింద మనుషులు తట్ట, చెమ్మస్ పట్టుకొని పని చేస్తరు. బొగ్గు తీసిన ఖాళీలను గోదావరి ఇసుకతో నింపేది. దాన్ని స్టోయింగ్ అంటరు. పెద్దమనుషులను అడగండి, ఇసుక ఎట్ల పోయేదో కథలు కథలుగ చెప్తరు.

1975ల ఓపెన్‌కాస్ట్ వచ్చింది. సింగరేణిల మొదటి ఓపెన్‌కాస్ట్ మన రామగుండంలనే. పర్యావరణం కోణంల చూస్తే ఈ బెల్టు చరిత్రను రెండు ముక్కలు చేసిన సంవత్సరం ఇదే అని నా అభిప్రాయం. భూగర్భ గనిల నష్టం ఎక్కువగ మనిషి ఊపిరితిత్తుల్ల, విరిగిన కాళ్లల్ల ఉండేది. ఓపెన్‌కాస్ట్‌ల నష్టం నేల మీద ఉంటది. బొగ్గు మీదున్న మట్టి, రాయి మొత్తం లేపి పక్కన పోయాలె. ఒక టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్లు మట్టి తీయాలె. ఓబీ దిబ్బలని మనం పిలిచే గుట్టలు అట్ల పుట్టినయి. బయటి నుంచి బస్సుల వచ్చే చుట్టాలు వాటిని చూసి నిజం గుట్టలే అనుకుంటరు. ఇవాళ సింగరేణి బొగ్గుల ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌లదే.

బొగ్గు పక్కనే కరెంటు. 1971లో 62.5 మెగావాట్ల రామగుండం బీ స్టేషన్ నడవడం మొదలైంది. 1978ల ఎన్టీపీసీకి పునాది రాయి పడింది, 1983ల మొదటి యూనిట్, 2004 నాటికి మొత్తం 2600 మెగావాట్లు. ఇక్కడ మళ్లీ గోండ్వానా వస్తది. మన బొగ్గుల బూడిద ఎక్కువ, తూకంల మూడో వంతు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఎందుకు? ఎక్కువ మంది శాస్త్రవేత్తలు చెప్పేదేమంటే, ఆనాటి చెట్లు నిలబడ్డ చోటనే పూడిపోలే, వరద నీళ్లల్ల మట్టితో కలిసి కొట్టుకొచ్చి ఇక్కడ చేరినయి. ఆ మట్టే ఇవాళ బూడిద. కుందనపల్లి యాష్ పాండ్ పక్కన ఎండకాలం గాలి లేసినప్పుడు కండ్లల్ల పడేది 25 కోట్ల ఏండ్ల కిందటి వరద మట్టి. అదే బొగ్గుల ఒక మంచి కూడ ఉంది, గంధకం తక్కువ. అన్నీ చెడ్డగనే రాస్తే అది చదువు కాదు కదా, అందుకే ఇది కూడ చెప్తున్న.

ఇన్ని జరుగుతుంటే చదువు ఏం చేస్తున్నది? 1978ల కొత్తగూడెంల స్కూల్ ఆఫ్ మైన్స్ పెట్టిన్రు. మొదట ఉస్మానియా కింద, తర్వాత కాకతీయ యూనివర్సిటీ కింద. 2010ల సెంటినరీ కాలనీల జేఎన్టీయూ మంథని కాలేజీ వచ్చింది, అక్కడ కూడ మైనింగ్ ఉంది. బొగ్గు ఎట్ల తీయాలో చెప్పే చదువు బెల్టుల మొదటి నుంచి ఉంది. తీసినంక ఆ నేల ఏమైతదో చెప్పే చదువు మాత్రం చానా ఆలస్యంగ, అది కూడ కోర్టు దారిన వచ్చింది.

ఎకాలజీ అనే మాట 1866ల జర్మనీల హెకెల్ పుట్టించిండు. గ్రీకుల ఇల్లు అనే పదం నుంచి తీసుకున్నడు. ఇల్లు గురించిన చదువు అన్నట్టు. మన దేశంల దీన్ని యూనివర్సిటీ సబ్జెక్టుగ నిలబెట్టింది బనారస్ హిందూ యూనివర్సిటీల రాందేవ్ మిశ్రా. తర్వాత అదే యూనివర్సిటీకి చెందిన జె.ఎస్. సింగ్, ఆయన దగ్గర పనిచేసినోళ్లు సింగ్రౌలి బొగ్గు ప్రాంతంల జయంత్ గని మట్టి దిబ్బల మీద ఏ చెట్టు బతుకుతది, ఏ చెట్టు కింద మట్టి మళ్లీ సారవంతమైతది అని ఏండ్ల తరబడి కొలిచిన్రు. దిరిసెన లాంటి కాయజాతి చెట్లు గాలిల నత్రజనిని మట్టిలకు తెస్తయి కాబట్టి చచ్చిన మట్టికి అవి ముందు సాయం చేస్తయి. మన దగ్గర దిరిసెన ఎవరికి తెలియదు?

బయటి దేశాల్లో ఈ చదువుకు ఊపు తెచ్చింది ఒక ఘోరం. 1966 అక్టోబర్ 21న వేల్స్ దేశంల అబెర్‌ఫాన్ అనే బొగ్గు ఊరిల కొండ మీద పోసిన గని మట్టి దిబ్బ జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయిన్రు, అందుల 116 మంది పిల్లలు. ఆ దిబ్బను నీటి ఊట మీద పోసిన్రు. ఊట అక్కడున్నదని ఊరోళ్లకు తెలుసు, మ్యాపుల్ల కూడ ఉంది. విచారణ కమిటీ తప్పు బొగ్గు బోర్డుదే అని తేల్చింది, 1969ల దిబ్బల భద్రతకు ప్రత్యేక చట్టం వచ్చింది. తర్వాత లివర్‌పూల్‌ల బ్రాడ్‌షా అనే వృక్ష శాస్త్రవేత్త పాడైన గని నేలల మీద గడ్డి ఎట్ల మొలుస్తది, నేలను ఎట్ల తిరిగి తేవాలె అనేదాన్ని పెద్ద చదువు చేసిండు. ఊట ఎక్కడుందో తెలిసిన ఊరి మనిషి, దాన్ని కాగితం మీద పెట్టగలిగిన చదువుకున్న మనిషి, ఇద్దరూ ఒక్కరే అయితే ఎట్లుండేదని నేను చానా సార్లు అనుకుంట.

మన దేశంల 1974ల నీటి కాలుష్య చట్టం, 1980ల అటవీ సంరక్షణ చట్టం, భోపాల్ తర్వాత 1986ల పర్యావరణ రక్షణ చట్టం వచ్చినయి. 1991 నవంబర్ 22న ఎం.సి. మెహతా కేసుల సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్ల తప్పనిసరి సబ్జెక్టుగ చెప్పాలని ఆదేశించింది. అమలు నత్తనడక. 2003ల కోర్టు మళ్లీ గట్టిగ అన్నంక యూజీసీ డిగ్రీ పిల్లలకు ఆరు నెలల కోర్సు తయారు చేసింది. మనం డిగ్రీ మొదటి సంవత్సరంల రాసే పర్యావరణ పేపర్ అదే. ఆ పేపర్‌కు మనం ఇచ్చే విలువ కూడ మనకు తెలుసు. గైడు, పరీక్ష ముందు రాత్రి, అయిపోయింది. ఒక లాయర్ ఏండ్లకేండ్లు కోర్టుల కొట్లాడితే వచ్చిన పేపర్ అది.

ఇంకో దారి ఉద్యోగం దారి. 1994ల పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చింది, 1997ల ప్రజాభిప్రాయ సేకరణ చేర్చిన్రు, 2006 సెప్టెంబర్ 14న దాన్ని మార్చి కొత్తది తెచ్చిన్రు. అప్పటి నుంచి పెద్ద గని రావాలంటే రిపోర్టు రాయాలె. రిపోర్టు రాయాలంటే గాలి, నీళ్లు, మట్టి, జీవజాతులు, సమాజం, ఒక్కో దానికి అర్హత ఉన్న నిపుణులు కావాలె. ఆ నిపుణులు ఎవరంటే ఎన్విరాన్‌మెంట్, బాటనీ, జువాలజీ లాంటివి పీజీ చేసినోళ్లు. మా మామయ్య అడిగిన ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడుంది.

1997 జులై 11న వచ్చిన సమత తీర్పు మీలో చానా మందికి తెలుసు. విశాఖ ఏజెన్సీల అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతం కేసు. షెడ్యూల్డ్ ఏరియాల గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు, గిరిజనేతరులకు ఇవ్వడం చెల్లదు అన్నది తీర్పు. మన గ్రూపుల చానా మంది ఇక్కడితో ఆపేస్తరు. కానీ ప్రభుత్వ సంస్థలు తవ్వడాన్ని ఆ తీర్పు ఆపలే. అంటే బొగ్గు బెల్టుల మనకు దొరికే రక్షణ వేరే చట్టాల నుంచి రావాలె: పెసా 1996, అటవీ హక్కుల చట్టం 2006, ప్రజాభిప్రాయ సేకరణ. ఈ మూడిట్లో చివరిదానికి పోయి మాట్లాడాలంటే రిపోర్టు చదవడం రావాలె.

ఆ రిపోర్టు ఎట్లుంటదో కొంచెం చెప్తా, ఎందుకంటే అసలు సరుకు ఇక్కడే ఉంది. వందల పేజీలు, ఎక్కువగ ఇంగ్లిష్. తెలుగుల సారాంశం కొన్ని పేజీలు. కలెక్టర్ ఆఫీసుల, జిల్లా పరిషత్‌ల, జిల్లా పరిశ్రమల కేంద్రంల కాపీ పెడతరు. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలె. సభకు ఇంతమంది రావాలనే కోరం ఏమీ లేదు, ఎవరూ రాకపోయినా మొదలుపెట్టొచ్చు. మాట్లాడిందంతా వీడియో తీయాలె, చివర్ల మినిట్స్‌ను అక్కడి భాషల చదివి వినిపించాలె. ఈ చివరి రూల్ తెలియక చానా మంది అన్నం పొట్లాలు తీసుకొని ముందే వెళ్లిపోతరు.

రిపోర్టుల జీవజాతుల చాప్టర్ ఉంటది. గని ప్రాంతం కోర్ జోన్, దాని చుట్టూ 10 కిలోమీటర్లు బఫర్ జోన్. అక్కడ క్వాడ్రాట్ అని కొలత గళ్లు వేసి చెట్లు లెక్క పెడతరు. సర్వే సాధారణంగ ఒక సీజన్, అది వానకాలం కాని సీజన్. గాలి కొలతలకు అది సరే. వానల గాలిల దుమ్ము ఉండదు కాబట్టి వానకాలం వదిలేయడంల అర్థం ఉంది. కానీ అడవికి? పుట్టగొడుగులు ఎప్పుడొస్తయి? బోడకాకర ఎప్పుడు కాస్తది? అడవి గడ్డల తీగలు ఎప్పుడు పైకి లేస్తయి? మన అమ్మలు అడవి నుంచి తెచ్చే కూరల్ల సగం వానకాలంవే. ఎండకాలం పోయి లెక్క పెట్టినోడి పట్టికల అవి ఉండవు. వాడు అబద్ధం రాయలే, చూసిందే రాసిండు. వాడు చూసిన నెల వేరు. పట్టికల లోకల్ నేమ్ అనే కాలమ్ కూడ ఉంటది. నేను ఇప్పటిదాకా చూసిన వాటిల్ల అక్కడ తెలుగు పేర్లే ఉన్నయి. గోండీ, కోలామీ, కోయ పేర్లు ఒక్కటి కూడ కనిపించలే.

తర్వాతది నష్టపరిహార అడవి. గని అయిపోయినంక దిబ్బల మీద ఇన్ని లక్షల మొక్కలు నాటినం అని లెక్క వస్తది. నీలగిరి, సుబాబుల్ తొందరగ పెరుగుతయి, పచ్చగ కనిపిస్తయి, దుమ్ము తగ్గుతది. ఏమీ లేని దిబ్బ కంటె అది నయమే, ఒప్పుకోవాలె. కానీ దాన్ని అడవి అనొచ్చా? తునికి చెట్టును తీసుకోండి. తునికి ఎక్కువగ వేరు పిలకల నుంచి వస్తది. పైన కొట్టేసినా కింద వేరుంటే మళ్లీ లేస్తది, అందుకే ఏటేటా ఆకు కోసినా చెట్టు పోదు. ఓపెన్‌కాస్ట్‌ల ఆ వేరున్న మట్టే లేచిపోతది. దాన్ని విడిగ దాచి మళ్లీ పైన పరిస్తే కొంత ఆశ, పది మీటర్ల లోతుల పూడ్చేస్తే ఏమీ లేదు. అందుకే పై మట్టిని వేరుగ దాచాలన్నది గని పునరుద్ధరణ పాఠంల మొదటి సూత్రం. ఇప్ప సంగతి ఇంకోటి. ఇప్ప గింజ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, రాలిన కొద్ది రోజుల్లనే నాటాలె. చెట్టు నెమ్మదిగ పెరుగుతది. నర్సరీ లెక్కలకు అది కలిసిరాదు. మొర్రి కూడ అంతే, అడగకపోతే లిస్టుల ఉండదు. ఇప్ప పువ్వు, తునికి ఆకు, మొర్రి పండ్లు లేని పచ్చదనం శాటిలైట్ ఫోటోల అడవే, మన ఇంటికి కాదు.

ఇంతవరకు చదివి ఈ సబ్జెక్టు మన పక్షమే అనుకోకండి. దానికి రెండో ముఖం కూడ ఉంది. నేను చదివిన గైడ్‌ల "అడవుల నరికివేతకు కారణాలు" అనే ప్రశ్నకు మొదటి పాయింట్ పోడు వ్యవసాయం. గనులు నాలుగో పాయింట్. మార్కుల కోసం అట్లనే రాయాలె. మా తాత పోడు కొట్టుకొని పిల్లలను సాకిండు, నేను అది అడవికి శత్రువు అని రాసి పాసైన. 2012ల కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయినంక ఎకాలజీ అనే మాట ఉట్నూరు, జన్నారం వైపు ఊళ్లల్ల ఎట్ల వినిపిస్తదో అక్కడి అన్నలు చెప్తరు. పులి కావాలె, కాదనను. కానీ ఎక్కడ మనిషి ఉండాలె, ఎక్కడ ఉండొద్దు అని గీత గీసే బల్ల దగ్గర కూర్చునేది ఈ సబ్జెక్టు చదివినోళ్లే. మార్లవాయిల పట్టా లెక్క అని ఇందాక చెప్పిన కదా, అదే లెక్క ఇక్కడ కూడ. అప్పుడు పట్వారీ కాగితం, ఇప్పుడు ఈ రిపోర్టు.

చదవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం కొన్ని సంగతులు. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు సీపీగెట్ రాయాలె, దానికి వేరే పేపర్ ఉంటది. బీజెడ్సీ వాళ్లకు ఎకాలజీ భాగం సులువు, కెమిస్ట్రీ వచ్చినోళ్లకు నీళ్ల పరీక్షలు, గాలి లెక్కలు సులువు. కొత్తగూడెం మైనింగ్ కాలేజీని 2025ల డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగ మార్చిన్రు. బొగ్గు తీయడం నేర్పిన చోటనే ఇప్పుడు భూమి గురించి చదువు. 1978 నుంచి 2025, అంటే 47 ఏండ్లు పట్టింది. ములుగుల సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌ల పార్లమెంట్ ఆమోదం వచ్చింది, అక్కడ ఏ కోర్సులు పెరుగుతయో గమనిస్తుండండి. ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. కాలుష్య నియంత్రణ మండలి, ల్యాబులు, కన్సల్టెన్సీలు, కంపెనీల పర్యావరణ విభాగాలు, అటవీ శాఖ, పరిశోధన, ఇవి దారులు. పోటీ ఉంటది, ఇంగ్లిష్ కష్టం పెడతది. నాకు ఇప్పటికీ ఒక రిపోర్టు చాప్టర్ చదవాలంటే రెండు రోజులు, పక్కన డిక్షనరీ కావాలె.

ఒక పని మొదలుపెట్టిన, మీ సాయం కావాలె. ఇల్లందు, మణుగూరు, భూపాలపల్లి, బెల్లంపల్లి, తిర్యాణి, రామగుండం, ఎక్కడోళ్లయినా సరే, మీ దగ్గర పాత ఓబీ దిబ్బల మీద ఎవరూ నాటకుండ తనంతట తాను మొలిచిన మొక్క కనిపిస్తే ఫోటో తీసి పెట్టండి. ఆకు, కాండం, ఉంటే పువ్వు కనిపించాలె. కింద ఊరి పేరు, నెల, దాన్ని మీ ఇంట్ల ఏమంటరో ఆ పేరు రాయండి. గోండీల, కోయల, కోలామీల, నాయక్‌పోడ్ ఇండ్లల్ల, లంబాడీల, ఎట్ల పలికితే అట్లనే తెలుగు అక్షరాల్ల. సైంటిఫిక్ పేరు నేను వెతుకుత. వానలు పడ్డంక తీసినవైతే ఇంకా మంచిది.